బెజ్జం వద్దన్నాను
మా వాడు కుంటడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. తొడ లోపల పోటు అనేవాడు. వాడూ నాలాగే వడ్రంగి. గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్ళకి అవి మామూలేలే అని నేను పట్టించుకోలేదు. కోడలు ఊరుకోలేదు. పోరుపెట్టి ఆసుపత్రికి బయల్దేరదీసింది. నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. తొడ ఎముక పైకొస గుండులా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుందట. ఆ గుండు లోపల గట్టి ముద్దేమీ కాదు. సన్న పుల్లలు అల్లినట్టు ఉంది. బరువు ఎటు దిగుతుందో పుల్లలు అటే సాగాయి. పైకప్పు కింద నేను వేసే ఏటవాలు కర్రలు కూడా అంత కుదురుగా ఉండవు.

"ఇక్కడికి రక్తం రావడం ఆగిపోయింది. ఉబ్బసానికి వాడిన మందుల వల్ల కావచ్చు. లోపలి ఎముక చచ్చింది, పైపెంకు ఇంకా గుండ్రంగానే ఉంది. అది కుంగకముందే కింది నుంచి బెజ్జం వేస్తే లోపలి ఒత్తిడి తగ్గి కొత్త ఎముక పట్టొచ్చు. తర్వాత ఆరు వారాలు ఆ కాలు మీద బరువు మోపకూడదు" అంది.

"కుంగితేనండీ?" కోడలు అడిగింది.

"గుండు తీసేసి కొత్త కీలు పెట్టాలి. ఇంత చిన్న వయసులో పెడితే అది అరిగి మళ్ళీ మార్చాల్సి రావచ్చు."

ఇంటికొచ్చాక నేను వద్దన్నాను. యాభై ఏళ్ళు దూలాలు ఎత్తినవాణ్ణి. బరువు మోసేచోట, అందులోనూ లోపల పుచ్చినచోట బర్మా పెట్టి తొలవకూడదు. పెడితే అక్కడే విరుగుతుంది. పుచ్చిన దూలానికి కింద ఊతం పెడతాం, అంతే.

"డాక్టరు కంటే మీకెక్కువ తెలుసా మామయ్యా? మూడో తరగతి దాటలేదు మీరు."

"ఎముక సంగతి తెలీదమ్మా. బరువు సంగతి తెలుసు."

మా వాడు నవ్వాడు. "ఊరుకోవే. నాన్న ఊతం పెట్టి ఇక విరగదు అన్నాక దూలానికి కూడా విరగాలంటే భయం."

వాడు ఆసుపత్రికి మళ్ళీ పోలేదు. ఊతంగా చంక కర్రలు నేనే చేశాను. చంకలో ఒరుసుకోకుండా పాత దుప్పటి గుడ్డ చుట్టాను. నెల తిరక్కుండా నొప్పి తగ్గింది. చూశారా అని ఎవరితోనూ అనలేదు గానీ, అన్నట్టే తిరిగాను.

మూడో నెలలో ఒక పొద్దున వాడు మంచం మీంచి లేస్తూ ఆగిపోయాడు. పడలేదు, అరవలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. "లోపలేదో దిగబడింది నాన్నా" అన్నాడు.

మళ్ళీ అదే తెర. గుడ్డుపెంకుని బొటనవేలితో నొక్కినట్టు గుండు పైన సొట్ట.

"ఎందుకు రాలేదు ఇన్నాళ్ళూ?" అడిగింది డాక్టరమ్మ.

"నేనే భయపడ్డానండీ" అన్నాడు మా వాడు.

కోడలు నేల చూపులు చూస్తోంది. నేను ముందుకొచ్చి అన్నాను. "వాడు కాదమ్మా. నేను వద్దన్నాను." దూలం సంగతి చెప్పాను.

ఆమె నవ్వలేదు. "దూలం ఎండిన కొయ్య పెద్దాయనా. దాని బెజ్జం పూడదు. ఎముక అలా కాదు, లోపల చచ్చినా చుట్టూ బతికే ఉంటుంది. బెజ్జం గుండా రక్తం లోపలికి పాకేది. గుండు తప్పకుండా నిలబడేదని చెప్పను. అవకాశం మాత్రం ఉండేది."

కొమ్మ నరికినచోట చెట్టు తనంతట తనే మూసుకోవడం నేనెరగనిది కాదు. ఎందుకో ఆ ఒక్కరోజు గుర్తు రాలేదు.

కీలు మార్చడానికి సంతకం కాగితం తెచ్చారు. మా వాడు కలం పట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏమంటావ్ నాన్నా?"

"నన్నడక్కురా. కోడల్ని అడుగు."

కోడలు కాగితం తన వైపు తిప్పుకుంది. సంతకం చోటికి పోలేదు. మొదటి వరస నుంచీ చదవడం మొదలుపెట్టింది, పైకే, నాకు కూడా వినపడేలా.