పరీక్ష, పట్టించుకోకండి

ఆరో వెబ్‌సైట్ దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గీతల నోటుబుక్కులో మాడ్యూల్ పాత వెర్షన్ నంబరు రాసుకుని, పక్కన కొత్త నంబరుకు చోటు వదిలి, అప్‌డేట్ మీట నొక్కాడు. తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. అది ఆగేదాకా ఆయన ఊపిరి కూడా మెల్లగానే తీసుకుంటాడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం ఇదే తంతు.

ఆఫీసులో అందరూ ఆయన్ని అప్‌డేట్ బాబాయ్ అంటారు. చేసే పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఫొటోల వరస, దారి చూపే పటం, కబురు పంపే ఫారం, ఇవన్నీ ఎవరో ఎక్కడో తయారుచేసి పెట్టిన మాడ్యూళ్లు. వాటిని తెచ్చి సైటులో తగిలించడం, రంగు మార్చడం, పాతబడితే కొత్తది ఎక్కించడం. రెడీమేడ్ చొక్కాకు ఊడిన గుండీ కుట్టడం లాంటిదే. ఇంట్లో భార్య మాత్రం చుట్టాలందరితో "మా ఆయన వెబ్‌సైట్లు కడతారు" అని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మాట వినపడగానే ఆయన మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోతాడు. కట్టడమా, పాడా! అందులో ఒక్క ఇటుకైనా తనది కాదు.

తనది అనుకోదగ్గది ఒక్కటుంది. వినికిడి మిషన్లు బాగుచేసే దుకాణం సైటులో ఫారం పెట్టినప్పుడు, మీట నొక్కాక కనిపించే వాక్యం మాడ్యూల్‌తో వచ్చింది మరీ చప్పగా ఉందని తీసేసి, సొంతంగా రాశాడు: "మీ కబురు అందింది. మా మనిషి ఒకట్రెండు రోజుల్లో మీ ఇంటికి వస్తాడు." దుకాణం యజమాని కూడా బాగుందన్నాడు. ఫోన్ల గోల పడలేక ఆ యజమాని సైటు నుంచి నంబరు తీయించేశాడు. ఇంటికి మనిషి కావాలంటే ఇక ఆ ఫారమే గతి.

ఏడో సైటు అదే. ఆరు వారాల తర్వాత ఇవాళ మళ్లీ ఆ ఫారానికి అప్‌డేట్ వచ్చింది. నొక్కే ముందు సెట్టింగులు రాసిపెట్టుకుందామని తెరిచాడు. కబురు ఎవరికి వెళ్లాలో చెప్పే గడిలో యజమాని అడ్రసు లేదు. మాడ్యూల్ చేసినవాళ్లు మచ్చుకు పెట్టిన ఉత్తుత్తి అడ్రసు ఉంది. కిందటి అప్‌డేట్ ఆ గడిని మొదటికి తెచ్చేసింది.

అలా జరగకుండా ఉండేందుకే ఆయనకో అలవాటుంది. అప్‌డేట్ అయ్యాక ప్రతి ఫారంలో తనే ఒక కబురు పంపుతాడు: "పరీక్ష, పట్టించుకోకండి." అది అవతలికి చేరిందని తెలిశాకే నోటుబుక్కులో టిక్కు పెడతాడు. రెండు నెలల కింద ఆ యజమాని ఆఫీసుకొచ్చి, అందరి ముందూ, "ఏంటండీ బాబూ వారం వారం ఈ పరీక్షలు? మేమేమన్నా బడిపిల్లలమా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఈయనా నవ్వాడు గానీ తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఆ ఒక్క సైటుకు పరీక్ష మానేశాడు. నోటుబుక్కు వెనక్కి తిప్పితే, ఆరు వారాల కిందటి గురువారం పక్కన టిక్కు మాత్రం ఉంది.

మాడ్యూల్ లోపల కబుర్లు భద్రంగానే ఉన్నాయి. పదిహేడు. అందులో నాలుగు ఒక్కరివే.

"మా ఆయన చెవి మిషన్ ఆగిపోయింది. ఆయన మెట్లు దిగలేరు. ఎవరినైనా పంపండి."

"వస్తామన్నారు, రాలేదు. తొందరేం లేదు. గుర్తు చేద్దామని."

"మళ్లీ ఇబ్బంది పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. రోజూ ఎదురు చూస్తున్నారు."

నాలుగోది తొమ్మిది రోజుల కిందటిది. "ఇక రానక్కర్లేదు. ఆయన సోమవారం పోయారు. మిషన్ ఇంకెవరికైనా పనికొస్తే తీసుకెళ్లండి."

ఆయన దాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత గడిలో సరైన అడ్రసు పెట్టి, పరీక్ష కబురు పంపి, అది చేరిందని చూసుకుని, యజమానికి ఉత్తరం మొదలుపెట్టాడు. వెనకనుంచి వచ్చిన మేనేజరమ్మాయి తెర మీదికి వంగింది.

"తప్పు నాది అని ఎందుకు బాబాయ్ గారూ? సర్వర్ పాడైందని రాసేయండి. సర్వర్‌కి సిగ్గేముంది?"

"నాకుందమ్మా," అన్నాడాయన. అన్నాడే గానీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఉత్తరం పంపేసి, ఒక పూట సెలవడిగి, కబురులో ఉన్న చిరునామా చీటీ మీద ఎక్కించుకుని బస్సెక్కాడు.

మూడో అంతస్తు. తలుపు తీసినావిడకు డెబ్బై ఉంటాయి. వేళ్లకు సబ్బు నురగ ఉంది.

"దుకాణం నుంచా?"

"అవునమ్మా." చెప్పాలనుకున్నది అది కాదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే జారిపోయాయి.

"కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు, మంచినీళ్లు తెస్తాను." నీళ్లిచ్చి తనూ ఎదురుగా కూర్చుంది. "మీ కోసం ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకునేవారు. మనిషొచ్చేసరికి మాసిన మొహంతో ఉంటే బాగోదని. ఆఖర్లో చెయ్యి వణుకుతుంటే నేనే గీశాను."

గ్లాసు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. ఇక ఊరుకుంటే ఎప్పటికీ చెప్పలేడు.

"నేను దుకాణం మనిషిని కాదమ్మా. వాళ్ల వెబ్‌సైట్ చూసుకునేవాణ్ణి. మీ కబుర్లు వాళ్లకు చేరలేదు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. తప్పు నాది."

ఆమె చీర కుచ్చిళ్లకు చెయ్యి తుడుచుకుంది.

"ఆయన పోయింది గుండెతో లెండి. మిషన్ ఉన్నా పోయేవారే," అంది. "కాకపోతే ఆఖరిరోజు నేనేమన్నానో ఆయనకు వినపళ్లేదు. ఏంటీ, ఏంటీ అంటూనే పోయారు."

ఆయనకు భూమి చీలితే బాగుండుననిపించింది.

"మరి మనిషి వస్తాడని తెర మీద వచ్చిందే," అందామె. "నొక్కిన ప్రతిసారీ వచ్చింది. అది చూసే కదా ఊరుకున్నాను. లేకపోతే ఆటో చేసుకుని నేనే పోయేదాన్ని."

ఆ మాట రాసింది కూడా తనేనని ఆయన చెప్పలేదు. ఆమె మిషన్ తెస్తానంటూ లేచి లోపలి గదిలోకి వెళ్లింది.

ఆయన కూర్చున్న గదిలోనే, కిటికీ పక్క మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. తలగడకు ఆనించి చెక్క చట్రం పలక ఒకటి ఉంది, దాని మీద అరిగిపోయిన బలపం ముక్క. మాట వినపడని ఆ రోజుల్లో ఆమె భర్తకు దాని మీదే రాసి చూపించి ఉంటుంది. కళ్లజోడు లేకపోయినా చదువుకునేంత పెద్ద అక్షరాలతో, ఇంకా ఎవరూ తుడవని ఆ పలక మీద ఉంది: "మా మనిషి ఒకట్రెండు రోజుల్లో మీ ఇంటికి వస్తాడు."