పన్నెండో చానెల్లో గుణదల మాత

సొలొమోను కొత్తదిబ్బ లంకకీ నాగాయలంక వైపు రేవుకీ మధ్య ఇంజను పడవ నడుపుతాడు. కృష్ణ సముద్రంలో కలిసే ముందు పాయలుగా చీలే చోటు అది. లంకలో మూడు వందల గడప ఉంటుంది. కాలేజీకైనా, ఆస్పత్రికైనా, బియ్యం మూటకైనా ఏరు దాటాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా దాటిస్తున్నాడు. పడవ పేరు ‘గుణదల మాత’. ముక్కు మీద నీలం రంగుతో ఆ పేరు రాసింది అతని భార్య హెలెన్.

అతనికి చిన్నప్పటి నుంచీ నత్తి. పదం మొదట్లోనే పట్టేస్తుంది, అందులోనూ సొంత పేరు చెప్పబోతే మరీను. ఎదుటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. అతను అవస్థ పడుతుంటే చూడలేక మిగతా మాట వాళ్ళే పూర్తి చేసేవారు. ఒక్కోసారి అతను అనబోయింది ఒకటి, వాళ్ళు పూర్తి చేసింది ఇంకొకటి. సరిదిద్దాలంటే మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకని అదే నిజమన్నట్టు తలూపి ఊరుకునేవాడు. పడవ నడపడానికి మాటలతో పెద్దగా పనిలేదు. ఎక్కండని చెయ్యి చూపిస్తాడు, ఒక పక్కకి ఒరిగితే ఇటు జరగమని చూపిస్తాడు, అంతే.

పోయిన వానాకాలంలో అక్కడి పడవ ఒకటి ఇంజను చెడి రెండు గంటలు కొట్టుకుపోయి మడ చెట్ల అంచున ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, నడి ఏట్లో సెల్‌ఫోన్ సరిగా అందదని అప్పుడు అందరికీ గట్టిగా తెలిసొచ్చింది. రేవు కమిటీ వాళ్ళు మూడు పడవలకీ, బళ్ళనూ ట్రాక్టర్లనూ దాటించే పెద్ద పంటుకీ తలా ఒక మెరైన్ రేడియో కొన్నారు. చేతిలో పట్టేంత సైజు, పైన బెత్తెడు యాంటెనా, నీళ్ళలో పడినా తేలుతుంది. టిక్కెట్ల గదిలో కూర్చునే ఛాయాదేవి దగ్గర ఇంకొకటి పెట్టారు. అందరూ దాన్ని సెట్టు అనేవారు.

వాడకం నేర్పడానికి పడవల వాళ్ళని విజయవాడ తీసుకెళ్ళారు. కృష్ణ ఒడ్డున రేకుల షెడ్డులో హర్షవర్ధన్ గారని నేవీలో చేసి రిటైరైన ఆయన చెప్పాడు. సెట్టు నిటారుగా పట్టుకోవాలి. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉండాలి. పక్కనున్న బటన్ నొక్కి, ఒక ఊపిరి ఆగి, అప్పుడు మాట్లాడాలి. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఎవరిని పిలుస్తున్నామో ముందు, మనమెవరమో తర్వాత. చెప్పడం అయ్యాక ‘ఓవర్’ అని బటన్ వదలాలి. సముద్రంలో ఆపదకి పదహారో చానెలు, రేవు మాటలకి పన్నెండు.

సొలొమోను వంతు వచ్చింది. బటన్ నొక్కాడు గానీ పేరు రాలేదు. వెనక నుంచి ఎవరో, సొలొమోను అంటున్నాడండీ అని అందించారు. హర్షవర్ధన్ గారు వాళ్ళని ఆగమని చెయ్యెత్తి, ఇతని వైపు తిరిగాడు.

“ఆ బటన్ మీద మీ వేలు ఉన్నంతసేపూ మీ దగ్గర ఇంకెవరి మాటా వినపడదండీ. సెట్టు అలా పనిచేస్తుంది. మీ టైము మీరు తీసుకోండి.”

సొలొమోను ఇంకాసేపు ప్రయత్నించి సెట్టు పక్కవాడికి ఇచ్చేశాడు. తిరుగు బస్సులో కంకిపాడు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

రోజూ పడవ కదిలే ముందు ఎంతమంది ఎక్కారో సెట్టులో చెప్పాలన్నది నియమం. సొలొమోను చెప్పేవాడు కాదు. బటన్ రెండుసార్లు నొక్కి వదిలేవాడు. అవతల రెండు టక్కులు వినిపిస్తే గుణదల మాత బయల్దేరిందని ఛాయాదేవి రాసుకునేది. నెల రోజులు అలాగే సాగింది. తర్వాత ఒకనాడు ఆవిడ అతన్ని టిక్కెట్ల గదికి పిలిచి, మంచు రోజుల్లో ఏదైనా అయితే టక్కుల్ని బట్టి మీరెక్కడున్నారో నేనెలా కనుక్కుంటానండీ అని అడిగింది. తప్పుగా ఏమీ అనలేదు. అయినా సొలొమోనుకి చిన్నతనంగా అనిపించి, పడవ దగ్గరికి వచ్చేశాడు.

జనవరి రెండో వారంలో ఒక ఉదయం మంచు బాగా పట్టింది. ఎనిమిదిన్నరకి అవతలి గట్టు కొబ్బరిచెట్లు కనిపించాకే సొలొమోను పడవ తీశాడు. పదకొండు మంది ఎక్కారు. అవనిగడ్డలో డిగ్రీ చదివే శాలిని, కంటి ఆపరేషన్‌కి వెళ్తున్న సత్యం గారు, చంకలో బిడ్డతో ఒకామె, మిగతావాళ్ళు పనులకి పోయేవాళ్ళు. పోటు తగ్గి నీరు సముద్రం వైపు లాగుతోంది. సగం దూరం వచ్చేసరికి, తొలగిపోయిందనుకున్న మంచు సముద్రం వైపు నుంచి మళ్ళీ వచ్చి కప్పేసింది. ముందు గట్టు కనబడకుండా పోయింది, తర్వాత పడవ ముక్కు కూడా మసకబారింది. ఇంజను వేగం తగ్గించేలోపే కింద ఏదో చుట్టుకున్న చప్పుడై ఇంజను ఆగిపోయింది.

వంగి చూస్తే, నీళ్ళలో తిరుగుతూ పడవని నెట్టే ఫ్యానుకి తెగిన వల ముక్క బిగుసుకుపోయి ఉంది. సొలొమోను లంగరు వేశాడు. తాడు బిగిసింది, పడవ నిలబడింది. గెడ దింపి చూశాడు. కొసకి ఇసుకా, నలిగిన గవ్వ పెంకులూ అంటుకొచ్చాయి. ఎక్కడున్నామో అతనికి తెలిసిపోయింది. అలాంటి పెంకులు ఉండేది ఏటి మధ్య ఇసుక మేట, నడి దిబ్బకి పడమటి అంచునే. సరిగ్గా పంటు వచ్చే దారి.

పంటు తొమ్మిదికి బయల్దేరుతుంది. ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీశారు గానీ ఒక్కటీ కలవలేదు. బిడ్డతల్లి బిడ్డ తలమీద కొంగు సర్దింది. శాలిని మాత్రం సొలొమోను దగ్గరికి జరిగింది.

“బాబాయ్, సెట్టు నాకివ్వండి. నేను చెప్తాను.”

ఇవ్వబోయాడు. చెయ్యి సగం దాకా వెళ్ళింది కూడా. ఆ పిల్లకి సెట్టు వాడడం తెలియదు, గవ్వ పెంకుల సంగతీ తెలియదు. తను ముందు ఆ పిల్లకి చెప్పాలి, ఆ పిల్ల వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు అడిగింది మళ్ళీ తనని అడగాలి. ఎటు తిరిగినా చెప్పాల్సింది తనే. చెయ్యి వెనక్కి తీసుకుని సెట్టు నిటారుగా పట్టుకున్నాడు. బటన్ నొక్కాడు.

మాట రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి. సత్యం గారు ఏదో అందించబోతే శాలిని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. సొలొమోను ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకున్నాడు. వేలు మాత్రం బటన్ మీద నుంచి తియ్యలేదు.

“రే... రేవు. రేవు. గుణదల మాత. పదకొండు మంది ఉన్నారు. ఫ్యానుకి వల చుట్టుకుంది. లంగరు వేశాను. న... న... నడి దిబ్బ పడమటి అంచు. పంటుని ఆపండి. ఓవర్.”

నిమిషం పైనే పట్టింది. వేలు తీశాడు. సెట్టులో గరగరమని చప్పుడు, ఆ వెంటనే ఛాయాదేవి గొంతు.

“గుణదల మాత, రేవు. అంతా వినపడిందండీ. పదకొండు మంది, నడి దిబ్బ పడమటి అంచు. పంటు తాడు విప్పారు, ఆపుతున్నాను. ఓవర్.”

ఆవిడ ఆపనక్కర్లేకపోయింది. పంటు నడిపే అబ్రహాము కూడా అదే చానెల్లో విన్నాడు. పంటు కదల్లేదు, రేవులోనే ఉంటాను అని తనే చెప్పాడు. పడవలో అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. ఒకామె సంచిలోంచి జంతికలు తీసి పంచింది.

తర్వాత జక్కయ్య పిలిచాడు. సెట్టు ఉన్న మూడు పడవల్లో ఇంకొకటి అతనిదే, దిబ్బకి అవతల వేట ముగించుకుని వస్తున్నాడు. పడవ లాక్కొస్తాను గానీ ఈ మంచులో నువ్వు కనపడవు, నా ఇంజను చప్పుడు విని ఎటు రావాలో చెప్పు అన్నాడు. దానికి ముప్పావు గంట పట్టింది. సొలొమోను కళ్ళు మూసుకుని చెవి ఒగ్గి వినేవాడు. విని, బటన్ నొక్కి చెప్పేవాడు. ఎడమకి రా. ఇంకా ఎడమకి. అక్కడ లోతు లేదు, ఆగు. ఒకచోట ‘దక్షిణం’ అన్న మాట దగ్గర గొంతు పట్టేసి, ఎంతకీ రాక, బటన్ వదిలేశాడు.

“సొలొమోనూ, నిదానంగా చెప్పు. నాకేం తొందర లేదు. ఇంజను స్లోలో పెట్టుకుని ఉన్నా. ఓవర్,” అన్నాడు జక్కయ్య.

సొలొమోను ఆ మాట పక్కనపెట్టి, సముద్రం వైపు తిరిగి రమ్మన్నాడు. కాసేపటికి మంచులోంచి ముందు డీజిలు వాసన వచ్చింది, తర్వాత ఆకుపచ్చ రంగు పడవ ముక్కు వచ్చింది. జక్కయ్య తాడు విసిరాడు.

పదిన్నరకి రేవు చేరారు. శాలినికి రెండు క్లాసులు పోయాయి. సత్యం గారు ఆస్పత్రికి ఆలస్యమయ్యానని కంగారుపడుతుంటే ఛాయాదేవి ఆటో మాట్లాడి పంపింది. అందరూ దిగాక పుస్తకం తెచ్చి, రాసుకోవాలి, జరిగింది ఒకసారి వరసగా చెప్పమని సొలొమోనుని అడిగింది. చెప్పాడు. ఆవిడ పెన్ను పట్టుకుని, అతను ఆగిన చోటల్లా ఆగుతూ రాసుకుంది. టీ తెప్పించింది గానీ, అది ఇద్దరి ముందూ చల్లారిపోయింది.

మధ్యాహ్నమంతా నీళ్ళలో నడుం లోతున నిలబడి కత్తితో వల కోసి తీశాడు. పాత నైలాను వల, నీళ్ళలో నాని రాయిలా బిగిసింది. ఫ్యాను రెక్క ఒకటి కొద్దిగా వంగింది. బాగుచేయించడానికి రెండు రోజులు పడుతుందని మెకానిక్ చెప్పాడు. సాయంత్రం జక్కయ్య పడవలో లంకకి చేరి, స్నానం చేసి, అన్నానికి కూర్చున్నాడు.

లంకలో ఆ కబురు మధ్యాహ్నానికే ఇల్లిల్లూ తిరిగింది. బిడ్డతల్లి అత్తగారు వచ్చి హెలెన్‌తో మొత్తం చెప్పి వెళ్ళింది. పంటు సంగతీ, గవ్వ పెంకుల సంగతీ, ముప్పావు గంట అతను సెట్టులో మాట్లాడిన సంగతీ, అంతా. తనకి అప్పటికే తెలుసని హెలెన్ అతనికి చెప్పలేదు. చేపల పులుసు వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పొద్దున మంచులో ఏమైందని అడిగింది.

సొలొమోను కలిపిన ముద్ద కంచంలోనే ఉంచి, పొద్దున ఎనిమిదిన్నరకి అవతలి కొబ్బరిచెట్లు కనిపించిన దగ్గర నుంచి మొదలుపెట్టాడు.