ఆరు నెలల నియమం

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. పీహెచ్‌డీ మధ్యలో సుష్మ మూడు నెలల కోసం ఓ ప్రజారోగ్య సంస్థలో చేరింది. మొదటి వారమే సర్వేకి నియమం రాసిపెట్టింది: ఒకేచోట ఆరు నెలలున్నవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. పై అధికారి చెన్నకేశవులు "భలే రాస్తివమ్మా" అంటే పొంగిపోయింది కూడా.

ఇప్పుడు నగరం అంచున కొత్తగూడలో, లేస్తున్న అద్దాల మేడ వెనక, రేకుల గుడిసె ముందు కూర్చుంది. ఇటుకలు మోసే భూలక్ష్మి కూతురు వాంతులు, విరేచనాలతో పోయి పన్నెండు రోజులైంది.

"ఇక్కడికొచ్చి ఎన్నాళ్లయింది?" అడిగింది సుష్మ.

"నాలుగు నెలలమ్మా. అంతకుముందు మియాపూర్ల నాలుగు నెలలు. స్లాబు పడంగనే ఇంకో జాగకు తోలుతరు."

సుష్మ కలం ఆగింది. మనుషుల్ని ఆరు నెలలు నిలవనియ్యని ఊళ్లో ఆరు నెలల నియమమట!

"జర నా బిడ్డ పేరు మంచిగ రాయమ్మా, స్వప్న," అంది భూలక్ష్మి. "ఇస్కూల్ల ఏస్తే రాస్తరనుకున్న."

సుష్మ రాసింది.

సాయంత్రం చెన్నకేశవులు ఆ కాగితం పక్కన పెట్టేశాడు. "ఇది చెల్లదు. నీ నియమమే కదమ్మా?"

సుష్మ నివేదికలో కొత్తగూడకెదురుగా, విరేచనాల మరణాల గడిలో, తన చేత్తోనే సున్నా చుట్టింది.