బట్ట కొస చూసి

మా అల్లుడు దర్జీ. కోట్లు కుట్టడంలో అతని చేతికి తిరుగులేదు. బట్టల కొట్టువాడు చుట్టిన తాను తెచ్చి, కొస చూపించి, "చూసుకోండి, ఒక్క పురుగైనా కొట్టలేదు" అంటే నవ్వేవాడు.

"కొస చూసి కొంటే వీపు మీద కన్నం పడుతుందయ్యా, విప్పు!"

తానంతా బల్ల మీద పరిచి, దీపానికి ఎత్తి చూశాకే కత్తెర పట్టేవాడు.

అలాంటి మనిషికి మెట్లెక్కుతుంటే కళ్ళు తిరగసాగాయి. ఆసుపత్రిలో చూసి నాడి బాగా నెమ్మదించిందన్నారు. డాక్టరమ్మ మెడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, దాని చివరి పట్టకారుతో పరీక్షకని గుండె కండ ముక్కలు తీసింది. ఆవగింజంతేనట. వాటిలో ఏ జబ్బూ కనబడలేదు.

"అత్తయ్యా, నా గుండె కొత్త బట్టేనట!"

"గుండె సరే నాయనా, నోరే వాడి వాడి అరిగింది" అన్నాను. అందరం నవ్వాం. డాక్టరమ్మ నవ్వలేదు.

"నేను అనుమానిస్తున్న జబ్బు గుండెంతా ఉండదండీ, అక్కడక్కడ గూడు కడుతుంది. మనం తీసిన ముక్కలు మంచిచోటివి కావచ్చు. గుండెకు స్కాను తీసి, అందులో అనుమానమున్నచోట మళ్ళీ తీద్దాం."

"ఒకసారి గిల్లించుకున్నా, చాలు. బల్ల మీద కోట్లు ఎదురుచూస్తున్నాయి."

"ఏమండీ, ఆవిడ అంతగా చెబుతుంటే..." అంది మా అమ్మాయి.

"బాగున్నానంటే నీకెందుకే అంత దిగులు?" అన్నాడు. ఆ పరీక్షకు మళ్ళీ వెళ్ళనేలేదు.

కొన్ని నెలలకు ఆ బల్ల దగ్గరే కుప్పకూలాడు. కత్తెర ఒకవైపు, మనిషి ఒకవైపు. గుండె ఆగిపోకుండా ఛాతీలో చిన్న యంత్రం పెట్టారు. ఈసారి స్కాను చూసి తీసిన ముక్కల్లో జబ్బు దొరికింది. సార్కాయిడోసిస్ అట. ఆ పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు.

"మందులతో వాపు తగ్గుతుంది. మచ్చకట్టిన కండ మాత్రం మళ్ళీ మామూలవదు" అంది డాక్టరమ్మ.

"అప్పుడే తీయించుకుని ఉంటే?" అని అడిగాడు అల్లుడు.

"కొంత దక్కేదేమో."

ఆవిడ వెళ్ళాక అల్లుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "కొస చూసి సంబరపడ్డాను అత్తయ్యా. బట్టకిచ్చిన మర్యాద నాకు నేనిచ్చుకోలేదు." దుప్పటి సర్దాను.

ఇప్పుడతను బల్ల దగ్గర నిలబడలేడు. కొలతలు చెబుతాడు, అమ్మాయి కత్తిరిస్తుంది. మొన్న కొట్టువాడు కొత్త తాను తెచ్చాడు. అమ్మాయి కొస తడిమి కత్తెర అందుకోబోయింది.

"విప్పవే" అన్నాడు కుర్చీలోంచి. ఆ ఒక్క మాటకే ఆయాసమొచ్చింది.

పిల్ల తానంతా విప్పి, దీపానికెత్తి చూసింది. ఒక్క కన్నమైనా లేదు.

"చూశారా, అనవసరంగా శ్రమ!" అన్నాడు కొట్టువాడు.

అల్లుడు ఒళ్ళోకి జారిన బట్టను తడుముతూ కూర్చున్నాడు. చుట్టడానికి అమ్మాయి చెయ్యి చాపినా, చాలాసేపటిదాకా వదల్లేదు.