గిలక్కాయను పిలిచిన గొంతు

ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. నోరు తెరిస్తే ఆగేది కాదు. పళ్ళు తోముకుంటూ కూడా నురగ నోటితోనే కబుర్లు చెప్పేది. అందుకే వాళ్ళమ్మ గిలక్కాయ అని పేరు పెట్టింది. బళ్ళో అసలు పేరు పెట్టి పిలిచేవారు, పక్కింటివాళ్ళు పాప అనేవారు. గిలక్కాయ అన్న పిలుపు మాత్రం ఆ ఇంటి గడప దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

అమ్మ డబ్బింగ్ చెబుతుంది. బిస్కెట్ల ప్రకటనలో ఉడత గొంతు ఆమెదే. సబ్బు ప్రకటనలో కేరింతలు కొట్టే చంటిపిల్ల గొంతూ ఆమెదే. నాన్న లిఫ్టు మెకానిక్. వాళ్ళ కంపెనీకి లిఫ్టుల్లో మాట్లాడే ఆడగొంతు కావలసి వచ్చినప్పుడు, "బయట వెతకడం ఎందుకు, మా ఆవిడ ఉందిగా" అన్నాడట. అప్పటినుంచి వాళ్ళ బిల్డింగు లిఫ్టులో కూడా అమ్మే మాట్లాడుతుంది. "ఇంట్లోనూ మీ అమ్మ మాటే, పనిలోనూ మీ అమ్మ మాటే. ఇక నేనెక్కడికి పోవాలే?" అని నాన్న వాపోతుంటే గిలక్కాయ పడీపడీ నవ్వేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కొత్తగా వచ్చిన బొమ్మల సినిమాకు వెళ్ళారు. పిల్లల్ని భయపెట్టే సినిమా అని గోడమీద పోస్టరే చెబుతోంది. గిలక్కాయే పోరుపెట్టి తీసుకెళ్ళమంది. క్లాసులో సగంమంది అప్పటికే చూసేశారు మరి. అమ్మ దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. ఎందుకని అడిగితే, "చూస్తావుగా" అంది.

సినిమాలో ఒక పాత ఇల్లు. దాని మెట్ల కింద పిలుపులమ్మ ఉంటుంది. ఆరేసిన నల్లబట్టలా పొడుగ్గా, సన్నగా వేలాడుతుంది. కళ్ళు లేవు. జల్లెడలంత చెవులు మాత్రం ఉన్నాయి. గోడకు చెవి ఆనించి ఇళ్ళలో అమ్మల మాటలు వింటుంది, విని వాళ్ళ గొంతు నేర్చుకుంటుంది. నేర్చుకున్నాక అసలు అమ్మను అరచేయంత బొమ్మను చేసి బీరువా అరలో దాచేసి, ఆమె స్థానంలో తాను తిరుగుతుంది. ఆ పిలుపుకు పిల్లలు పలికారా, వాళ్ళ మాట పోయినట్టే. పిలుపులమ్మను పట్టుకోవడానికి ఒకటే గుర్తు. దానికి నిద్ర లేదు, అందుకని ఆవులింతా రాదు.

ఇంతవరకూ గిలక్కాయ పాప్‌కార్న్ నములుతూనే చూసింది. గుండె దడదడలాడుతున్నా అదో సరదాగానే ఉంది. అప్పుడు తెరమీద పిలుపులమ్మ మెల్లగా మెట్లెక్కి, ఒక చిన్నపిల్ల గది ముందు ఆగింది. అప్పటిదాకా కిర్రుకిర్రుమన్న గొంతు ఒక్కసారిగా వెన్నలా మారిపోయింది.

"గిలక్కాయా... ఎక్కడున్నావే? ఇటు రావే, తల దువ్వుతాను."

గిలక్కాయ చెయ్యి పాప్‌కార్న్ డబ్బాలోనే ఆగిపోయింది. అది అమ్మ గొంతు. అలాంటి గొంతు కాదు, అదే గొంతు. చివర్లో ఆ సాగదీత కూడా అమ్మదే. పైగా తన పేరు. ఇంటి బయట ఎవరికీ తెలియని పేరు.

తలతిప్పి అమ్మ వంక చూసింది. తెర వెలుగులో అమ్మ ముఖం నీలంగా ఉంది. పెదాలు మూసి ఉన్నాయి. మూసిన పెదాలతోనే, కన్నార్పకుండా తననే చూస్తూ నవ్వుతోంది. అవతల తెరమీదనుంచి ఆమె గొంతు మళ్ళీ పిలుస్తోంది.

"తలుపు తియ్యవే. నేనేనే, అమ్మని."

పిల్ల కేక పెట్టలేదు. పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళోంచి జారిపోయినా వంగలేదు. ఇంటర్వెల్లో లైట్లు వెలిగేసరికి ఒళ్ళంతా చెమట. అమ్మ సంబరంగా దాని బుగ్గలు పట్టుకుని, "కనిపెట్టావా? అది నేనేనే!" అంది.

అమ్మ చేసే పనేమిటో గిలక్కాయకు తెలియక కాదు. తెలిసినంత మాత్రాన వణుకు ఆగుతుందా? ఇప్పుడే తెరమీద పిలుపులమ్మ కూడా అచ్చం ఆ మాటే అంది కదా, నేనేనే అని. పిల్ల అక్కడికక్కడే వాంతి చేసుకుంది. మిగతా సగం చూడకుండానే ఇంటికి వచ్చేశారు. కాబట్టి బీరువా అరలో ఉన్న ఆ అమ్మ బయటికి వచ్చిందో లేదో గిలక్కాయకు తెలియనే లేదు.

ఆ సాయంత్రం నుంచి పిల్ల నోట మాట లేదు.

వంటింట్లోంచి అమ్మ పిలిస్తే పలకదు. నాన్న వచ్చి చెయ్యి పట్టుకుంటేనే లేస్తుంది. "ఏంటే, గిలక్కాయలో గింజలు అయిపోయాయా?" అని నాన్న నవ్వించబోయాడు. పిల్ల నవ్వలేదు. భోజనాల దగ్గర అమ్మ ఎదురుగా కూర్చుని, నోరు ఇంత చేసి బలవంతాన ఆవులించింది. నాన్నకు వెంటనే అంటుకుంది. ఆయన దవడ విరిగేలా ఆవులించాడు. అమ్మ మాత్రం ఆవులించలేదు. పిల్ల ముఖంలోకి బెంగగా చూస్తూ, "నిద్రొస్తోందా అమ్మా?" అంది. గిలక్కాయ కంచం వదిలేసి నాన్న వెనక్కి వెళ్ళి నిలబడింది.

మర్నాడు పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చేసరికి బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పిల్ల కుర్చీ ఎక్కి, మడతపెట్టిన బట్టల్ని ఒక్కొక్కటే ఎత్తి కింద చూస్తోంది. చాలా నెమ్మదిగా, ఏదో నలిగిపోతుందన్నట్టు.

"ఏం వెతుకుతున్నావే?" అంది అమ్మ.

పిల్ల కుర్చీమీదనుంచి దూకి, మాట్లాడకుండా బడిసంచీ తగిలించుకుంది.

ఆ రోజు బడి వ్యాను దిగి ఒక్కతే లిఫ్టు ఎక్కింది. వాళ్ళుండేది నాలుగో అంతస్తులో. రోజూ లిఫ్టులో అమ్మ గొంతు వినగానే "వచ్చేశానమ్మా" అని జవాబు చెప్పడం దానికి అలవాటు. ఇప్పుడా గొంతు వినిపిస్తుందన్న సంగతే మరిచిపోయి మీట నొక్కింది.

"తలుపులు మూసుకుంటున్నాయి" అంది అమ్మ, పైకప్పులోంచి.

పిల్ల ఒక్క ఉదుటున మూసుకుంటున్న తలుపుల మధ్యనుంచి ఒళ్ళు ఒరుసుకుంటూ బయటపడింది. సంచీ లోపలే ఉండిపోయి పైకి పోయింది. మెట్లవైపు పరుగెత్తింది. కానీ మెట్ల కింద చీకట్లో, విరిగిన కుర్చీల వెనక, నల్లగా, పొడుగ్గా ఏదో వేలాడుతోంది. అది మెట్లు తుడిచే ఆవిడ ఆరేసుకున్న తడిబట్ట. పిల్లకు అదెక్కడ తెలుస్తుంది? దాని కంటికి రెండు చెవులు కూడా కనిపించాయి. లిఫ్టులోనూ అదే, మెట్ల దగ్గరా అదే. ఇల్లు చూస్తే పైన ఉంది, ఆ ఇంట్లో ఉన్నది ఎవరో తెలియదు. గిలక్కాయ బిల్డింగు వెనక్కి పోయి, జనరేటరుకూ గోడకూ మధ్య సందులో దూరి కూర్చుంది.

పైన అమ్మకు కాలు నిలవలేదు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల సంచీ ఒక్కటే ఉంది. పిల్ల లేదు. చెప్పులైనా వేసుకోకుండా మెట్లన్నీ దిగి వచ్చింది. వ్యాను డ్రైవరుకు ఫోన్ చేస్తే దింపేశానన్నాడు. ఎదురు దుకాణంవాళ్ళు చూడలేదన్నారు. నాన్నకు ఫోన్ చేసి ఏడుస్తూ ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. బిల్డింగు చుట్టూ తిరుగుతూ గొంతు చించుకుంది.

"గిలక్కాయా! ఎక్కడున్నావే? ఇటు రావే!"

సందులో ఉన్న పిల్ల ఆ మాటలు విని పిడికిలి నోట్లో కుక్కుకుంది. అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. పలికితే అయిపోయినట్టే. జనరేటరు కిందినుంచి రెండు పాదాలు కనిపించాయి. దుమ్ము పట్టి ఉన్నాయి, ఒక బొటనవేలు చిట్లి రక్తం కారుతోంది. ఆ పాదాలు ఆగాయి, అటూ ఇటూ తిరిగాయి, మళ్ళీ వెళ్ళిపోయాయి. పిల్ల పళ్ళు పిడికిట్లో దిగబడ్డాయి.

నాన్న వచ్చాక ఆయనకు దొరికింది. మెషీన్ల సందులు వెతకడం ఆయనకు అలవాటే. ఎత్తుకుని బయటికి తెస్తే మెడను కరుచుకుపోయి, నిన్నటినుంచి మొదటిసారి నోరు విప్పింది.

"నాన్నా, అమ్మ ఏ అరలో ఉంది? నేను పై అర దాకా చూశాను. కనిపించలేదు."

నాన్న వెనకే పరుగెత్తుకొచ్చిన అమ్మ ఆ మాట విని ఉన్నచోటే నేలమీద కూలబడింది.

పిల్ల నిద్రపోయాక అమ్మ నాన్నకు అసలు సంగతి చెప్పింది. రికార్డింగు రోజున ఎలా పిలిచినా డైరెక్టరుకు నచ్చలేదట. "భయపెట్టకండమ్మా, ఇంట్లో మీ పాపను ఎలా పిలుస్తారో అలా పిలవండి" అన్నాడట. కళ్ళు మూసుకుని అలాగే పిలిచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"సంతోషంలో ఒళ్ళు తెలియలేదండీ. దాని పేరు తీసుకెళ్ళి ఆ దెయ్యం నోట్లో పెట్టొచ్చాను."

"ఊరుకో. సరిచేద్దాం" అన్నాడు నాన్న. ఎలాగో ఆయనకూ తెలియదు.

అమ్మ డైరెక్టరుకు ఫోన్ చేసింది. హాళ్ళలో ఆడుతున్న సినిమాను ఇప్పుడు ముట్టుకోలేమన్నాడు. టీవీలో వేసే కాపీలో కావాలంటే ఆ ముక్క మార్చవచ్చన్నాడు. "కానీ సినిమాకు ప్రాణమే ఆ పిలుపు" అని సణిగాడు కూడా. అమ్మ పట్టు విడవలేదు.

శనివారం పొద్దున ముగ్గురూ స్టూడియోకు వెళ్ళారు. గిలక్కాయ నాన్నకు అటువైపు నడిచింది, అమ్మకు అందకుండా. మందపాటి తలుపులు, గోడలనిండా మెత్తలు. లోపలికి వెళ్ళగానే వీధి చప్పుడంతా చెవుల్లోంచి తీసేసినట్టయింది. మధ్యలో పెద్ద అద్దం. అద్దానికి అవతల అమ్మ, మైకు. ఇవతల బోలెడు మీటల ముందు సౌండ్ ఇంజనీరు, పిప్పరమెంటు చప్పరిస్తూ కూర్చున్నాడు. తెరమీద పిలుపులమ్మ కనిపించగానే పిల్ల నాన్న చొక్కా పట్టుకుంది. పిలుపులమ్మ నోరు మాత్రం ఊరికే తెరుచుకుని మూసుకుంటోంది. పాత పిలుపు తీసేశారు.

అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పిలిచింది. "చిట్టితల్లీ... ఎక్కడున్నావే?"

పిల్ల ఉన్నట్టుండి ముందుకొచ్చి ఇంజనీరు మోచెయ్యి పట్టుకుంది. "ఆ పేరొద్దు."

ఆయన ఒక మీట నొక్కి, తన ముందున్న చిన్న మైకు చూపిస్తూ, "ఇందులో చెప్పు, మీ అమ్మకు వినిపిస్తుంది" అన్నాడు.

పిల్ల అద్దంవైపు చూడకుండానే చెప్పింది. "చిట్టితల్లి మా క్లాసులో ఒకమ్మాయి. వాళ్ళమ్మ అలాగే పిలుస్తుంది."

"మరి బంగారం?" అంది అమ్మ, మెల్లగా.

"పక్కింటి బాబు."

"బుజ్జీ?"

"వ్యానులో ఇద్దరున్నారు."

ఇంజనీరు నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మ నవ్వలేదు. "మరి ఏమని పిలవనే?"

పిల్ల తెరమీది పిలుపులమ్మను ఓరగా చూసింది. "దానికి ఎవరి పేరూ తెలియకూడదు. పేరు తెలియకుండానే పిలవాలి. అప్పుడు, మా అమ్మయితే పేరు పెట్టి పిలుస్తుంది కదా అని పిల్లలకు తెలిసిపోతుంది."

అమ్మ తలూపింది. తెరమీద ఆ ముక్క మళ్ళీ మొదటికి వచ్చింది. ఈసారి గొంతు బాగా తగ్గించి పిలిచింది. "ఎవరే అక్కడ? నేనేనే... ఇటు రా."

ఇంజనీరు పిప్పరమెంటు చప్పరించడం ఆపేశాడు. నాన్న చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గిలక్కాయ నాన్న నడుముకు అతుక్కుపోయింది. కానీ కళ్ళు మాత్రం మూసుకోలేదు. అద్దంలోంచి చూస్తే, ఆ మాట అంటున్నప్పుడు అమ్మ మెడమీద నరాలు తేలాయి. మైకు స్టాండును రెండు చేతులా బిగించి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

పిల్ల చిన్న మైకు దగ్గరికి వంగింది. "అమ్మా, నీక్కూడా భయమేస్తోందా?"

"వేస్తోందే" అంది అమ్మ. "నువ్విక నాతో మాట్లాడవేమోనని."

"మాట్లాడుతున్నాగా" అంది పిల్ల, కొంచెం దూరంగానే ఉండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాన్న పక్కనే కూర్చుంది. కాసేపటికి నాన్నను దాటి తల ముందుకు పెట్టి అమ్మను అడిగింది. "చివరికేమైంది? బీరువాలో ఉన్న అమ్మ వచ్చిందా?"

"వచ్చింది. వాళ్ళ పాపే వెతికి తెచ్చుకుంది."

"పిలుపులమ్మ చచ్చిపోయిందా?"

అమ్మ తటపటాయించింది. అవునంటే పిల్ల కుదుటపడుతుంది. "లేదే. వెళ్ళిపోతుంది. ఎక్కడికో చూపించలేదు."

పిల్ల ముఖం మళ్ళీ పాలిపోయింది. తల వెనక్కి తీసుకుని నాన్నకు ఆనుకుంది. కానీ దిగాక రోడ్డు దాటేటప్పుడు రెండో చెయ్యి అమ్మకు ఇచ్చింది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

భయం ఒక్కరోజులో వదలలేదు. నాన్న వాళ్ళ బిల్డింగు లిఫ్టులో మాట కట్టేశాడు. రెండో అంతస్తు పెద్దాయన అడిగితే, "రిపేరండీ, భాగం రావాలి" అని నెలల తరబడి దాటవేశాడు. మెట్ల కింది కుర్చీలు తీయించి బల్బు పెట్టించాడు. అమ్మ మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకేసి పిల్లను పిలవలేదు. పొయ్యిమీద పాలు పొంగుతున్నా సరే, చెయ్యి తుడుచుకుని, పిల్ల కంటికి తాను పూర్తిగా కనిపించేచోటికి వచ్చి నిలబడి, తన పెదాలు కదలడం అది చూస్తోందని తెలిశాకే మాట్లాడేది. పిల్ల కాసేపు ఆ ముఖంలోకి తేరిపార చూసి, అప్పుడు జవాబు చెప్పేది. మొదట ఒకటి రెండు మాటలే. కొన్నాళ్ళకు బళ్ళో జరిగినవీ, జరగనివీ అన్నీ కలిపి మునుపటిలా ఏకరువు పెట్టడం మొదలుపెట్టింది.

గిలక్కాయ అన్న పేరు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.