రెండు పూటలా ఊట

జీలకర్ర నీళ్ళకు ఇంత వాసన ఎందుకుండాలి, వాసన ఉన్నదన్నాక కడుపు నింపాలి గదా, ఇదేమో లోపలికి పోయి నిద్రపోతున్న ఆకలిని కూడా తట్టి లేపుతుంది, అనుకుంటూ కాలవ గట్టు మీద ఆగి వెంకటరత్నం గట్టిగా ఒక త్రేన్పు తీశాడు, ఆ త్రేన్పులోనూ జీలకర్రే, ఒకప్పుడు తనకు ముద్దపప్పు త్రేన్పులొచ్చేవి, ఆవకాయ త్రేన్పులొచ్చేవి, అవన్నీ ఏ జన్మలోవో, ఇప్పుడు లేవగానే జీలకర్ర నీళ్ళు, ఎండెక్కాక అడుగు కనిపించేంత పల్చటి మజ్జిగ, మధ్యాహ్నం ఉలవలు ఉడికించి వార్చిన నీళ్ళు, నీళ్ళు తనకు, ఉలవలు ఎద్దులకు, ఎద్దులే నయం, వాటికి ఒళ్ళు తగ్గమని ఎవరూ చెప్పరు, ఇక అసలు మందు వంకలో ఇసుక తవ్విన చెలమలో ఊరే ఊటనీళ్ళు, పొద్దుట ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, డాక్టరు గట్టిగా చెప్పింది అదేగా, ఎరడు హొత్తు ఊట సాకు అని, రెండు పూటలా ఊట చాలు, అందులో అర్థం కాకపోవడానికేముంది.

ఆయనకు కన్నడం అర్థం కాకపోవడమా, కృష్ణ ఒడ్డు నుంచి ఈ బళ్ళారి పక్క కొత్త కాలవ కిందికి వచ్చి క్యాంపు వేసుకున్న ఇళ్ళన్నిటిలో కన్నడం వచ్చినవాడు తనొక్కడే, వచ్చి రెండేళ్ళు కాకముందే బళ్ళారి మండీలో ఎష్టు, సాకు, జాస్తి, కొడి, ఇల్ల అని బేరానికి చాలే నాలుగు ముక్కలు ఏరుకొచ్చాడు, అప్పటినుంచి ఆఫీసులో పని పడ్డా వెంకటరత్నం గారే, బస్సు కండక్టరుతో తగువొచ్చినా వెంకటరత్నం గారే, అట్లాంటివాడు గట్టెక్కితే ఆయాసమొస్తోందని కిందటి వారం బళ్ళారిలో డాక్టరు దగ్గరికి వెళితే, ఆ డాక్టరు బరువు చూసే మిషనెక్కించి, ముల్లు పోయిన దూరం చూసి పెదవి విరిచి, తూక జాస్తి ఆగ్యాద, తిండి బిట్టుబిడ్రి, ఎరడు హొత్తు ఊట సాకు, మజ్జిగె, హురుళి నీరు, జీరిగె నీరు కుడీరి, నడీరి, అని భుజం తట్టి, గొత్తాయ్తా అన్నాడు, ఇంకెవరైనా అయితే మళ్ళీ చెప్పండయ్యా అనేవాళ్ళు, తను మాత్రం గొత్తాయ్తు గొత్తాయ్తు అని తల ఊపి బయటికొచ్చాడు, మెట్లు దిగుతుంటే అర్థం లోపలికి దిగింది, బరువెక్కువైందన్నాడు, తిండి వదిలెయ్యమన్నాడు, ఊటనీళ్ళు చాలన్నాడు, మజ్జిగ, ఉలవనీళ్ళు, జీలకర్ర నీళ్ళు తాగి నడవమన్నాడు, అంత మెత్తగా, భుజం తట్టి మరీ.

తిండి మానేసి నీళ్ళు తాగమని ఎవరితో అంటారు, నాన్న మంచం పట్టినప్పుడు వైద్యం చేసే ఆచారిగారు అచ్చం ఇట్లాగే తన భార్య పుష్పావతి వైపు తిరిగి, ఇంక తిండి కోసం బలవంతపెట్టకమ్మా, నోట్లో కాసిని నీళ్ళు పోస్తూ ఉండు చాలు, అన్నాడు, కోడలు ఉద్ధరిణెతో పోస్తుంటే సగం లోపలికి, సగం దిండు మీదికి, అదీ ఎన్నాళ్ళో సాగలేదు, ఇప్పుడు తన వంతు, డాక్టరు పైకి ఒళ్ళు తగ్గమన్నట్టు చెప్పాడుగానీ కడుపులో ఇంకేదో కనిపెట్టి ఉంటాడు, పుష్పావతితో మాత్రం, ఒళ్ళు తగ్గాలట, తిండి వద్దన్నాడు, అని ఒక్క ముక్క చెప్పి పెరట్లోకి తప్పుకున్నాడు, ఇంకేం చెబుతాడు, భాష రాని ఊళ్ళో, కొత్తగా తడిసిన నేలలో, ఇంత వరి నెత్తిన పెట్టుకుని ఒక్కతీ ఎట్లా నెగ్గుకొస్తుంది.

మడిలోంచి కోసిన వరి వాసన, దాని మీదుగా కాల్చిన జొన్నరొట్టె వాసన, వెల్లుల్లి కారం వాసన, ముక్కు తననడక్కుండానే అటు తిరిగింది, గట్టు మీద కోతవాళ్ళు మూటలు విప్పుకుని కూర్చున్నారు, కూరెకుప్ప నుంచి కోతకు నిన్ననే దిగిన, అటు కన్నడమూ ఇటు తెలుగూ వచ్చిన భీమక్క, ఆమె మొగుడు మారెన్న, ఇంకో నలుగురు, భీమక్క ఈయన్ని చూసి, రత్నప్పా, ఊట అయ్యిందా, అని అడిగింది, వెంకటరత్నం ఉలిక్కిపడ్డాడు, నిన్న వచ్చిన మనిషికి నా ఊట సంగతి ఎట్లా తెలిసింది, చెలమ దగ్గర చూసి ఉంటుంది, దాచేదేముందిలే అనుకుని, అయ్యిందమ్మా, పొద్దున ఒక చెంబు, మళ్ళీ సాయంత్రం ఒక చెంబు, అన్నాడు, భీమక్క నమిలే రొట్టె ఆపి, చెంబుతో ఊటేందప్పా, గంజి గాని తాగుతాండావా, అంది, గంజి కాదమ్మా, నీళ్ళు, వంకలో ఊటనీళ్ళు, డాక్టరు తిండి వదిలేసి అవే తాగమన్నాడు, అనేసరికి మారెన్నకు పొలమారింది, భీమక్క మొగుడి నెత్తిన తడుతూ, నవ్వాలో ఏడవాలో తెలియక, అయ్యో దేవుడా, ఊటంటే నీళ్ళు కాదప్పా, ఊటంటే బువ్వ, కన్నడమోళ్ళు బువ్వ తినేదాన్నే ఊట అంటారు, అంది.

మరి తిండో, అన్నాడు వెంకటరత్నం, భీమక్క వేళ్ళు మడుస్తూ, తిండంటే బొరుగుల వగ్గాణి, మిరపకాయ బజ్జీ, దోశ, పొద్దుగూకులూ ఓటల్లో తింటారే, అది తిండి, ఆ చిల్లర తిండి ఇడిసిపెట్టి రెండు పూటలా బువ్వ తినమన్యాడప్పా ఆయప్ప, అని మొగుడి వైపు తిరిగి, యాడ చూసినావు ఇట్లాంటి మనిషిని, ఎదురుగా ఇంత పంట పెట్టుకుని నీళ్ళు తాగుతాండాడు, అని రొట్టె సగానికి తుంచి కారం అద్ది చేతిలో పెట్టింది, ఆయన నిలబడే కొరికాడు, తర్వాత నేల మీద కూలబడి నములుతున్నాడు, కళ్ళల్లో నీళ్ళు కారానికేనని మారెన్నతో చెప్పాడు, చావడం లేదు, రెండు పూటలా అన్నం, బళ్ళారి వెళ్ళినప్పుడల్లా లాగించే ఆ వగ్గాణి, బజ్జీలు మాత్రం పోతే పోనీ, వాటి వల్లే కదా ముల్లు అంత దూరం పోయింది, జీలకర్ర నీళ్ళు కూడా తాగుతాను, మజ్జిగా తాగుతాను, ఉలవచారు అయితే అన్నంలోకే పోసుకుంటాను, రోజూ ఈ గట్టు కొసదాకా నడుస్తాను, బతికిపోయాను, కన్నడమా, నీకో దండం.

ఇంటికి ఎట్లా వచ్చాడో తెలియదు, పుష్పావతి పొయ్యి దగ్గర ఉలవలు వారుస్తోంది, ఆగు, పారెయ్, కాదు, పారెయ్యకు, చారు పెట్టు, అన్నం వండు, అని ఊటా తిండీ కలగాపులగం చేసి మొత్తం చెప్పాడు, ఆమె విని గడప మీద కూర్చుని మొదలుపెట్టింది, మీ కన్నడం తగలెయ్య, అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా, ఊరందరికీ మీరే దుబాసీనా, మిమ్మల్ని నమ్మి ఆఫీసులకు పోతున్నవాళ్ళ గతేం కాను, ఆ బురద కాళ్ళతో ఎక్కడిదాకా వచ్చారో చూసుకున్నారా, అంటూ చేటలో బియ్యం పోసి చెరుగుతోంది, చెరుగుతూ తిడుతోంది, వెంకటరత్నం గోడకు ఆనుకుని హాయిగా వింటున్నాడు, ఎంత కాలమైంది ఈ గొంతు విని, మొన్న అలికిన నేల మీద ఉలవనీళ్ళు ఒలకబోస్తే మాట్లాడకుండా తుడిచింది, అంతకుముందు రోజు వాన వస్తుందని తెలిసీ గడ్డి కప్పకుండా తడిపాడు, ఒక్క మాట అనలేదు, ఈ మనిషి, ఉప్పు ఎక్కువైందంటే మూడు తరాలను ఎత్తిపొడిచే మనిషి, వారమంతా పల్లెత్తు మాట అనలేదు, గ్లాసు చేతికిచ్చి తాగేదాకా పక్కనే నిలబడింది, పోయేవాణ్ణి ఎవరు తిడతారు, అనుకున్నాడు, అనుకుని ఆమె చేతుల వైపు చూశాడు, తను దాచిన చావు భయం ఆమెకు తెలుసు, తిండి వద్దన్న మాట ఆచారిగారి నోట ముందే విన్న మనిషి, మొదటి రోజే తెలుసు, వారమంతా తెలిసే ఊరుకుంది.