తిరిగి రావడానికి కారణం

"రేపటి నా వీసా ఇంటర్వ్యూకి నన్నొకసారి ప్రశ్నలడిగి చూడు. ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా," అన్నాడు మా ఆయన. ఆదివారం మధ్యాహ్నం, కుక్కర్ అడుగున మాడిన అన్నాన్ని గీకుతున్నాను. చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఆయన లెక్కలో ఖాళీగా ఉండటమంటే పని లేకపోవడం కాదు, ఆయన పని చేస్తూ ఉండకపోవడం. "వస్తున్నా," అని కుక్కర్ బోర్లించాను.

విదేశాలకి చదువుకోడానికి వెళ్ళేవాళ్ళని వీసా ఇంటర్వ్యూకి తయారు చేయడం నా ఉద్యోగం. కన్సల్టెన్సీలో నాకో చిన్న గది ఉంది. బల్లకి ఇటువైపు నేను ఆఫీసర్నై కూర్చుంటాను, అటువైపు వాళ్ళు నించుంటారు. వాళ్ళకి రోజూ చెప్పే మాటలివి. అడిగినదానికే జవాబు చెప్పండి. అడక్కుండా కాగితాలు ముందుకి తోయకండి. బట్టీ పట్టి చెప్పేవాడి కళ్ళు పైకప్పు వైపు పోతాయి, అక్కడే తెలిసిపోతుంది. తెలియకపోతే తెలియదనండి. అన్నిటికన్నా ముందు, వీసా ఆఫీసరు కిటికీ దగ్గర అబద్ధం చెప్పకండి, దొరికారంటే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. ఇవన్నీ అయ్యాక అక్కడ బతకడం ఎలాగో చెప్తాను. మగపిల్లలకైతే మరీ మరీ చెప్తాను, రెండు కూరలు వండటం, బాత్రూం కడగటం నేర్చుకుని విమానం ఎక్కండి, అక్కడ అద్దెకి అమ్మలు దొరకరు అని. వాళ్ళు పడీపడీ నవ్వుతారు. వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోన్ చేసి, "మేడమ్, మీరు చెప్పింది నిజమేనండీ," అంటారు.

ఇన్నేళ్ళలో మా ఆయన ఎప్పుడూ నా పని గురించి అడగలేదు. "కూర్చుని కబుర్లు చెప్పడానికి జీతమిస్తున్నారు, నీ అదృష్టం," అంటుంటాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు, అది మాత్రం కబుర్ల కింద రాదు. ఇప్పుడు వాళ్ళ కాలేజీ ఆయన్ని రెండేళ్ళు పై చదువుకి విదేశానికి పంపిస్తోంది. ఆ సంగతి కూడా నాకు విడిగా చెప్పలేదు. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు అందరికీ కలిపి చెప్పాడు. నేను ట్రే పట్టుకుని వరసలో ఆఖరి కప్పు అందిస్తున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో ట్రే ఉండబట్టి నేను కొట్టలేకపోయాను.

నాకూ విదేశంలో ఒక సీటు ఉంది. ఏడాదిన్నర చదువు, ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారు. మొదటిసారి వచ్చినప్పుడు మా అత్తగారికి మోకాలి ఆపరేషన్. "ఈ ఏటికి వద్దులే, సీటు ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఆ యూనివర్సిటీవాళ్ళు మంచివాళ్ళు, ఆగుతామన్నారు. మరుసటేడు ఆయన ప్రమోషన్ పరీక్ష. "నువ్వెళ్తే ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. మళ్ళీ ఆగారు. ఇదే ఆఖరు, సోమవారం సాయంత్రంలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని వారం కిందట మెయిల్ రాశారు. సోమవారమంటే రేపే. ఈ మెయిల్ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరేమంటారో నాకు కంఠతా వచ్చు. పక్క వీధిలో ఉండే మా ఆడపడుచైతే, "పిల్లా జెల్లా లేరు, నీకేం పని వదినా, హాయిగా ఇంట్లో ఉండక," అంటుంది. పని లేనిదాన్నైతే నన్ను వెళ్ళనివ్వడానికి అడ్డేమిటో ఆవిడా చెప్పదు, నేనూ అడగలేదు.

చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చేసరికి ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చోబోతున్నాడు.

"మీరు నించోవాలి. ఆఫీసరు కూర్చుంటుంది," అన్నాను.

"ఇంట్లో కూడానా?"

"అలవాటవ్వాలి కదా."

సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్న మా అత్తగారు సౌండు తగ్గించింది. "కానివ్వండి, నేనూ చూస్తా," అంది.

ఏం చదవబోతున్నారని అడిగాను. చెరువుకి గండి పడినట్టు చెప్పుకుపోయాడు. కళ్ళు ఫ్యాను మీదున్నాయి.

"పైకి చూడకండి. ఇంత పొడుగు జవాబు ఎవరూ వినరు. రెండు ముక్కల్లో చెప్పండి."

"ఏంటే నువ్వు, మొదలుపెట్టానో లేదో వంకలు..."

"ఆఫీసర్ని ఏంటే అనకూడదండీ."

అత్తగారు కిసుక్కున నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది. "సరే, అడగండి మేడమ్," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. పదకొండేళ్ళ కాపురంలో ఆయన నోట నాకు వచ్చిన మొదటి 'అండి' అది. వినడానికి బాగానే ఉంది. బాగున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తర్వాత రెండు మూడు ప్రశ్నలకి కుదురుగానే చెప్పాడు. అప్పుడు అసలు ప్రశ్న అడిగాను.

"చదువైపోయాక అక్కడే ఉండిపోరని నమ్మకమేమిటి?"

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మా ఆఫీసులో సారు దీనికి గుంజ అని పేరు పెట్టారు. గేదె ఎంత దూరం పోయి మేసినా పలుపు ఎక్కడ కట్టి ఉందో అక్కడికే రావాలి, మీ గుంజ ఏదో ఆఫీసరుకి చూపించండి అంటారు. ఆ మాట నేనూ ఎంతమందికి చెప్పానో. పెళ్ళైన మగవాళ్ళు వస్తే ఆ పాఠం క్షణంలో అయిపోయేది. "మీ ఆవిడ ఇక్కడే ఉంటుందిగా, అదే చెప్పండి, చాలు," అనేదాన్ని. వాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆ ఆవిడ ఎవరో, ఆవిడకి ఏం కావాలో నాకెప్పుడూ తట్టలేదు.

"నా భార్య ఇక్కడే ఉంటుందండి," అన్నాడు మా ఆయన. "మా అమ్మని, ఇంటిని ఆవిడే చూసుకుంటుంది. అందుకని నేను తప్పకుండా తిరిగొస్తాను."

చక్కగా రెండు ముక్కల్లో చెప్పాడు. కళ్ళు నా కళ్ళలోకే చూస్తున్నాయి. ఈ ఒక్క జవాబుకీ ఆయన పైకప్పు వైపు చూడలేదు.

కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాను.

"మీ ఆవిడ ఏం చేస్తారు?"

"ఏదో చిన్న ఉద్యోగం. అవసరమైతే మానేస్తుంది."

"రెండేళ్ళు మీరు ఉండరు. ఆవిడ ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోడమేంటి? ఇలాంటివి కూడా అడుగుతారా?"

"మీరు చెప్పింది నిజమో కాదో చూడటానికి ఏదైనా అడుగుతారు."

"అయితే ఒప్పుకుందని చెప్తాను."

"ఆవిడని అడిగారా?"

ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ రిమోట్ చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

"అడిగానంటే సరిపోతుంది కదా," అన్నాడు.

"మీ అమ్మగారిని చూసుకోవాలన్నారు. ఆవిడ రోజూ వేసుకునే మందులేమిటి?"

"అది... మా ఆవిడకి తెలుసు."

"నేనేమన్నా పసిపిల్లనట్రా, ఒకళ్ళు చూసుకోడానికి?" అంది అత్తగారు. "నా మందులు నేనే వేసుకుంటున్నా. కాలు బాగయ్యి ఏడాది దాటింది. కూతురు పక్క వీధిలోనే ఉందాయె. మధ్యలో నన్నెందుకు లాగుతావు?"

ఆవిడ నా తరఫున మాట్లాడిందని అనుకోను. తనని చేతకానిదాన్ని చేశాడన్న రోషం అది. కానీ రెండేళ్ళ కిందట నా దారికి అడ్డంగా పెట్టిన మోకాలు అంత తేలిగ్గా పక్కకి జరగడం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గొంతెండిపోయింది," అన్నాడు ఆయన చొక్కా గుండీ విప్పుకుంటూ. "ఆఫీసరుగారూ, కాస్త టీ పెట్టండి." తన జోకుకి తనే నవ్వాడు.

లేచాను. కాళ్ళు వాటంతటవే వంటింట్లోకి నడిచాయి. నీళ్ళు పెట్టాను, పొడి వేశాను. ఎసరు మరుగుతుంటే బోర్లించిన కుక్కర్ని చూస్తూ నించున్నాను. గేదె గురించే ఇన్నాళ్ళూ పాఠం చెప్పాను గానీ గుంజ గురించి ఆలోచించలేదు. గేదె మేసి వస్తుంది. గుంజ పాతిన చోటే ఉంటుంది, అందుకే దాన్ని నమ్ముతారు. మగవాడికి ఇల్లూ పెళ్ళాం ఉంటే, ఇంకేం, వెళ్ళిరా నాయనా అంటారు. అదే ఇల్లు, అదే కాపురం ఆడదానికి ఉంటే, ఎలా వెళ్తావని అడుగుతారు. నన్నిక్కడ తాకట్టు పెట్టి ఆయన చదువుకోడానికి వెళ్తున్నాడు. ఆ తాకట్టు మాటని అందంగా, తడబడకుండా ఎలా చెప్పాలో నేనే నేర్పుతున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మంట రెండేళ్ళ కిందటే రావాల్సింది.

పాలు పోసి మంట తగ్గించాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ తీశాను. వారం నుంచి రోజూ తెరిచి మూస్తున్న ఆ మెయిల్ మళ్ళీ తెరిచాను. నాకూ ఒక కిటికీ ఉంటుంది, దానవతల ఒక ఆఫీసరు ఉంటుంది. మీరు తిరిగొస్తారని నమ్మకమేమిటని నన్నడిగితే ఏం చెప్పాలో ఇంకా తెలియదు. తెలియకపోతే తెలియదనమనే కదా అందరికీ చెప్పాను. 'ఈసారి తప్పకుండా వస్తున్నాను' అని రాసి పంపాను. టీ పొంగబోయింది, చప్పున దించాను. వేలు కాలింది. కుళాయి కింద పెట్టుకుని, మూడు కప్పుల్లో పోసుకుని బయటికొచ్చాను.

ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అది ఆఫీసరు కుర్చీ. లేవండి," అన్నాను.

తమాషా ఇంకా నడుస్తోందనుకున్నాడు. చేతులు జోడించి మరీ లేచాడు. అత్తగారికి ఒక కప్పు, ఆయనకి ఒకటి ఇచ్చి, నా కప్పు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నించునే రెండు గుక్కలు తాగాడు.

"ఇంతకీ పాసయ్యానా మేడమ్?"

"బాగానే చెప్పారు," అన్నాను. "ఒక్క జవాబు మార్చుకోండి. మీ ఆవిడ ఇక్కడే ఉంటుందని మాత్రం చెప్పకండి. కిటికీ దగ్గర అబద్ధం చెప్తే దొరికిపోతారు."